చమురుబావి యొద్ద శిష్యరికము

(సంఘ వార్షిక సభయందు చేసిన ప్రసంగ పాఠము)



విదేశములలో చమురు ఇంజనీరు అనగానే తెలుగువారి యిండ్లలో ముందుగా స్ఫురించునది జీతము. పిదప ఎడారి. ఆ తరువాత, సంబంధము మాటాడ వచ్చినవారు అడిగెడి ప్రశ్న: "అబ్బాయికి సెలవు ఎన్నాళ్లకొకమారు దొరకును?" ఇన్ని మాటల నడుమ ఆ పిల్లవాడు అక్కడ చేయుచున్న పని యేమో తల్లిదండ్రులలో పెక్కుమందికి తెలియదు. అతడును చెప్పడు. చెప్పినను వీరికి బోధపడదని కొంత, బోధపడినచో భయపడుదురని కొంత.

ఈ ప్రసంగము ఆ పనిని గూర్చి. అందును తొలి మూడేండ్లను గూర్చి. ఇంజనీరింగు పట్టము పుచ్చుకొని పోయినవాడు అక్కడ దిగిన నాడే ఇంజనీరు కాడు. అతడు శిక్షణార్థి. కొన్ని నెలలు పెద్దల వెంట తిరిగిన పిమ్మట గాని ఒంటరిగా పనికి పంపరు. ఇంచుమించు మూడేండ్లు గడచి, పరీక్షలు దాటిన పిమ్మట గాని పూర్తి ఇంజనీరుగా లెక్కింపరు. నేడు ఆడపిల్లలును ఈ పనికి పోవుచున్నారు. ఇచట చెప్పబోవు మాటలు వారికిని వర్తించును.

చమురు పరిశ్రమయందు శాఖలు అనేకము. త్రవ్వకపు ఇంజనీరు ఒకడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒకడు, బురద ఇంజనీరు ఒకడు. బురద ఇంజనీరనగా వినువారికి నవ్వు వచ్చును గాని, బావిలోని బురద బరువు తప్పినచో లోపలి వాయువు పైకి తన్నుకొని వచ్చును. కనుక ఆ పదవి మిక్కిలి గౌరవప్రదమైనది. అన్నిటిని ముచ్చటించుటకు వ్యవధి చాలదు. బావిని చదివెడి శాఖను మాత్రము తీసికొందము. స్థలమును కూడ ఒక్కటే తీసికొందము: స్కాట్లండు తూర్పు తీరమునగల అబర్డీను పట్టణమును, దాని కెదుటనున్న ఉత్తర సముద్రమును. ఈ వృత్తిలోని కఠిన పాఠములు అచ్చట నేర్చినవే అనేకము.

బావి యనగా పెరటి నూయి కాదు. దాని వెడల్పు జానెడు. లోతు మూడు నాలుగు కిలోమీటర్లు. అడుగున ఏమున్నదో కంటితో చూడ నెవ్వరికిని శక్యము కాదు. త్రవ్వునప్పుడు పైకి వచ్చెడి రాతిపొడి కొంత కథ చెప్పును గాని, ఏ లోతున చమురున్నది, ఏ లోతున ఉప్పునీరున్నది అను సంగతి నిక్కముగా చెప్పదు. కావున కొలత పరికరములను ఉక్కు త్రాటికి తగిలించి అడుగువరకు దింపి, మెల్లగా పైకి లాగుచు, దారి పొడవున రాతి గుణములను కొలుతురు. ఆ కొలతలు పొడవైన కాగితముపై వంకర గీతలుగా పడును. ఆ కాగితమునకు లాగ్ అని పేరు. గుండె గీతలను చూచి వైద్యుడు రోగము చెప్పునట్లు, ఈ గీతలను చూచి ఇంజనీరు బావి గుణము చెప్పును.

ఈ విద్యకు పుట్టినిల్లు ఫ్రాన్సు దేశము. కాన్రాడ్, మార్సెల్ ష్లంబర్జే అను సోదరులు దీనిని కల్పించిరి. 1927 సెప్టెంబరు 5వ తేదీన, ఆల్సాసు సీమలోని పెషెల్‌బ్రాన్ చమురు క్షేత్రమున, హెన్రీ డోల్ అను 25 ఏండ్ల యువకుడు సహచరులతో గూడి తొలి లాగును తీసెను. మీటరు మీటరునకు ఆగి, రాతి విద్యుత్ నిరోధమును కొలిచి, గళ్ల కాగితముపై చుక్కలు పెట్టి, వానిని చేతితో కలిపి గీత గీసిరి. అందలి సూత్రము బడిపిల్లలకు సైతము చెప్పవచ్చును. ఉప్పునీరు విద్యుత్తును పోనిచ్చును, చమురు పోనీయదు. రాతి సందులలో నీరున్నచోట నిరోధము తగ్గును, చమురున్నచోట హెచ్చును. 1942లో ఆర్చీ అను అమెరికను శాస్త్రజ్ఞుడు ఈ సంబంధమునకు సమీకరణము కూర్చెను. నేటికిని శిక్షణార్థి ఆరంభమున నేర్చువానిలో అదియొకటి.

1929 నాటికే ఈ పద్ధతి వెనిజువెలాకును, సోవియటు దేశమునకును, అమెరికాకును ప్రాకినది. ఫ్రెంచి యువకులు కొలత పెట్టెలతో ఓడలెక్కి, భాష తెలియని దేశములలో దిగి, తమను నమ్మని డ్రిల్లర్ల నడుమ పని మొదలిడిరి. నేటి తెలుగు పిల్లవాని స్థితికిని వారి స్థితికిని పోలిక చాల కలదు.

మన దేశము కూడ ఈ శిష్యరికమునకు క్రొత్తది కాదు. 1956 ఆగస్టులో చమురు, సహజవాయు సంఘము ఏర్పడిన నాటికి మన యొద్ద యంత్రములు లేవు. చేయి తిరిగినవారును కొద్దిమందియే. కేశవదేవ మాలవీయగారి పట్టుదలచే సోవియటు నిపుణులు వచ్చి నేర్పిరి. మనవారు సోవియటు దేశమునకును రుమేనియాకును పోయి నేర్చి వచ్చిరి. 1958లో ఖంభాతునను, 1960లో అంకలేశ్వరమునను చమురు పడినది. నాడు పోయినవారు ప్రభుత్వము పంపగా పోయి, నేర్చినది తెచ్చి ఇచ్చట వినియోగించిరి. నేడు పోవువారు కంపెనీ కొలువున చేరి, అది ఏ దేశమునకు పొమ్మన్న ఆ దేశమునకు పోవుదురు. తేడా చిన్నది కాదు. కాని శిష్యరికపు కష్టములో మాత్రము భేదము లేదు.

శిక్షణార్థికి తొలి పాఠము బావి యొద్ద కాదు, ఈత కొలనులో. సముద్రములోని చమురు వేదికలకు హెలికాప్టరులో పోవలెను. అది నీట పడినచో తలక్రిందులగు స్వభావము కలది. కావున హెలికాప్టరు గది వంటి డొల్లలో మనుష్యులను బెల్టులతో బిగించి కూర్చుండబెట్టి, కొలనులో ముంచి, బోర్ల త్రిప్పుదురు. ఊపిరి బిగబట్టి, ఒక చేత కిటికీ చట్రమును పట్టుకొని, కదలిక ఆగువరకు ఓర్చి, అప్పుడు కిటికీని త్రోసి, బెల్టు విప్పి వెలుపలికి రావలెను. కృష్ణ కాలువలలో ఈదిన పిల్లవాడైనను మొదటి మారు కంగారుపడును; ఏలయనగా నీటిలో తలక్రిందులైన వానికి పైన ఏదో క్రింద ఏదో తెలియదు. చేతితో పట్టిన చట్రమొక్కటే గుర్తు. ఈ శిక్షణ నాలుగేండ్ల కొకమారు మరల పొందవలెను. శీతకాలమున ఆ సముద్రపు నీరు ఆరేడు డిగ్రీల చలువలో ఉండును. రక్షణ దుస్తులు లేనివాడు అందులో ఎక్కువసేపు నిలువజాలడు.

రెండవ పాఠము భాష. ఇంగ్లీషు బాగుగా వచ్చునని ధైర్యముతో పోయినవానికి అబర్డీనులో ఆశాభంగము కలుగును. అచ్చటి జానపదులు మాటాడు స్కాట్సు భాషకు డోరిక్ అని పేరు. అందు "ఎట్లున్నావు?" అనుటకు "ఫిట్ లైక్?" అందురు. మరియు "ఫూస్ యర్ డూస్?" అని కూడ అడుగుదురు, మాటకు మాట చెప్పినచో "నీ పావురములెట్లున్నవి?" అని అర్థము. దానికి "ఏరుకొని తినుచున్నవి" అని బదులు చెప్పవలెను. మన పల్లెలలో పాడిపంటలు కుశలమా యని అడుగుట వంటిదే ఇది. ఈ సంగతి తెలియక, తనకు పావురములు లేవని వినయముగా మనవి చేసినవాడు చిరకాలము నవ్వుల పాలగును.

తిండి సంగతి శీఘ్రముగా చెప్పవచ్చును. వేదికపై భోజనము సమృద్ధి; శాకాహారికి బంగాళాదుంపలు, రొట్టె, పండ్లు సమృద్ధి. ఆవకాయ సీసా పట్టుకొనిపోయినవాడు ఇద్దరుండెడి ఇరుకు గదిలో దాని మూత ఎప్పుడు తీయవలెనో ఆలోచించుకొనవలెను. సారాయి బొత్తిగా నిషిద్ధము; తల్లులకు ఇది సంతోషవార్త. డిసెంబరు నెలలో పగలు ఏడు గంటలైనను ఉండదు. రాత్రి పని చేసి పగలు నిద్రించువాడు సూర్యుని చూడకయే వారములు గడపవచ్చును.

ఇక పని. శిక్షణార్థికి మొట్టమొదట ఇచ్చునది కంప్యూటరు కాదు, గుడ్డపీలికయు గ్రీజు డబ్బాయు. బావినుండి వచ్చిన పరికరములను కడుగుట, విప్పుట, తుడుచుట, ఓ-రింగులు మార్చుట అతని పని. ఓ-రింగనగా వ్రేలి కుంగరము వలెనుండు రబ్బరు చుట్టు. దాని వెల అత్యల్పము. దాని మీద వెంట్రుక పడినను, చిన్న గాటు పడినను, బావి యడుగున వందలకొలది వాతావరణముల పీడనము వలన బురద లోపలికి దూరి లక్షల రూపాయల పరికరము చెడును. దీనిని నేర్పువాడు ఆపరేటరు. అతనికి పట్టము ఉండదు. ఇరువది ముప్పది ఏండ్ల అనుభవముండును. పట్టభద్రుడు పట్టము లేనివాని యెదుట మోకరించి గ్రీజు పూయుట నేర్చుకొనవలెను. కొందరికి ఇది మొదటి వారములోనే గొంతు దిగదు. అట్టివారిలో కొందరు తిరిగివచ్చి వేరు కొలువులు చూచుకొందురు. అందు తప్పేమియు లేదు.

పిదప లోతు. పరికరములు వ్రేలాడు ఉక్కు త్రాడు ఆరేడు కిలోమీటర్ల పొడవు, చిటికెనవ్రేలి లావు; దాని గర్భమున ఏడు రాగి తీగలు. ఇంత పొడవైన త్రాడు బరువునకు సాగును, వేడిమికి సాగును. చక్రము మీద తిరిగిన లెక్క ఒకటి చెప్పును. త్రాటిపై వేసిన అయస్కాంతపు గుర్తులు మరియొకటి చెప్పును. రెండింటిని సరిచూచి, సాగుదలను లెక్కించి, ఇంజనీరు ఒక అంకె నిశ్చయించును. చమురు పొర మూడు మీటర్ల మందము కలదనుకొందము. దాని క్రింద ఉప్పునీరు. లోతు లెక్కలో మూడు మీటర్లు తప్పినచో, రేపు చమురు కొరకు పెట్టిన రంధ్రము నీటిలో పడును. కోట్ల వ్యయముతో త్రవ్విన బావి ఉప్పునీటిని క్రక్కును. గీతలెంత అందముగా నున్నను లోతు తప్పిన లాగు చెత్తకాగితముతో సమానము.

కొన్ని పరికరములలో రేడియో ధార్మిక పదార్థముండును. రాతి సాంద్రతను కొలుచుటకు సీజియం, అందలి హైడ్రోజనును కొలుచుటకు అమెరీషియమును బెరీలియమును కలిపిన గుళిక. కవచమునుండి దానిని పొడవైన కడ్డీతో తీసి, పరికరములో అమర్చి, శీఘ్రముగా దూరము జరుగవలెను. దూరము, వ్యవధి, అడ్డు, ఈ మూడే రక్షణ. ఆ పరికరము బావిలో చిక్కుకొన్నచో దానిని పైకి తీయుటకు దినములకొలది యత్నింతురు. ఎంతకును రాకున్న, రంగు కలిపిన సిమెంటుతో దానిని పూడ్చి, ఇచట ఇట్టి పదార్థము కలదని బావి తలకట్టున పలక బిగింతురు. ఎన్నేండ్లకో మరియొకడు వచ్చి అచ్చట త్రవ్వబోయినచో ఎర్రని సిమెంటు పొడి పైకి వచ్చి వానిని హెచ్చరింపవలెనని ఉద్దేశము.

అన్నిటికంటె శిక్షణార్థి గుండెను పరీక్షించునది తుపాకి. చమురు పొర కెదుట ఉక్కు గొట్టమునకు రంధ్రములు చేయుటకు మందుగుండు దట్టించిన పొడవైన గొట్టమును దింపుదురు. దానిని గన్ అందురు. దానిని ప్రేల్చు డిటొనేటరు విద్యుత్తుతో పనిచేయునది. ఎచ్చటినుండియో వచ్చిన రేడియో తరంగము గాని, వెల్డింగు యంత్రపు విద్యుత్తు గాని దానిని తాకినచో, వేదిక మీదనే ప్రేలవచ్చును. కావున సామాన్యమైన డిటొనేటరు వాడునప్పుడు, గన్నును సిద్ధము చేసెడి ఆ కొద్ది నిమిషములు వేదిక యంతయు మౌనము వహించును. రేడియోలు ఆపుదురు. వెల్డింగు ఆపుదురు. హెలికాప్టరును రానీయరు. వందమంది పని చేయు చోట ఒక్కసారిగా నిశ్శబ్దము ఆవరించును.

ఆ సమయమున ప్రేల్చు పలకయొక్క తాళపుచెవి పలకలో ఉండరాదు. గన్నును సిద్ధము చేయువాని జేబులో ఉండవలెను. గన్ను సుమారు 60 మీటర్ల లోతు దాటిన పిమ్మట గాని ఆ చెవిని పలకలో పెట్టరాదు. ఇంతే నియమము. చదువుటకు ఒక పంక్తి. కాని రాత్రి రెండు గంటల వేళ, వాన కురియుచుండగా, అప్పటికే పని ఆరు గంటలు ఆలస్యమై, ఒక్కొక్క గంటకు వేలకొలది డాలర్ల వ్యయమగుచుండగా, బావి యజమానుని ప్రతినిధి వచ్చి, "ఇంకను ఎంతసేపు? ముందే తాళము పెట్టి యంత్రమును వేడెక్కనీయరాదా?" అని అడిగినప్పుడు, ఇరువదిమూడేండ్ల పిల్లవాడు జేబులోని చెవిని జేబులోనే ఉంచవలెను. ఆ ప్రతినిధికి ఏబది ఏండ్లు. ఆ పిల్లవాని కంపెనీకి కూలి ఇచ్చువాడు అతడే.

ఇచట పెంపకము అడ్డు వచ్చును. ఉద్యోగి యింట పెరిగిన పిల్లవానికి బాల్యమునుండి వినబడిన మాటలేమి? "పెద్దల మాటకు ఎదురు చెప్పకు. పైవారితో తగవు పెట్టుకొనకు. తల వంచుకొని నీ పని నీవు చేసికొని రా." విమానమెక్కించునప్పుడు తండ్రిగారు చెప్పునదియు ఇదియే. ఆఫీసులో ఈ ఉపదేశము వలన మహా అయిన ఒక ప్రమోషను నిలిచిపోవును, లేదా రక్షింపబడును. చమురు వేదికపై దీని వలన మనుష్యులు మరణింతురు.

అచ్చట అందరును పేరు పెట్టి పిలుచుకొందురు. తెలుగు శిక్షణార్థి ముప్పదేండ్ల అనుభవజ్ఞుని పేరు పెట్టి పిలువలేక "సర్" అనును. ఒకటి రెండు దినములు వారు నవ్వుదురు. పిదప "సర్" అనవద్దని గట్టిగా చెప్పుదురు. అది మర్యాదను గూర్చిన పట్టింపు కాదు. "సర్, క్షమింపుడు, బహుశః ఒకమారు చూచినచో బాగుండునేమో" అని నసిగినవాని హెచ్చరిక గాలి హోరులో ఎవ్వరికిని వినబడదు. పేరు పెట్టి పిలిచి "ఆపు!" అన్నది వినబడును. గౌరవము మనసులో ఉంచుకొని మాటలో దానిని విడుచుట మన పిల్లలకు సమీకరణములకంటె కష్టమైన విద్య.

ఈ నియమములన్నియు ఎట్లు పుట్టినవో తెలియవలెనన్న 1988 జూలై 6వ తేదీ సంగతి చెప్పుకొనవలెను. అబర్డీనునకు ఈశాన్యముగా సుమారు 190 కిలోమీటర్ల దూరమున పైపర్ ఆల్ఫా అను చమురు వేదిక యుండెడిది. ఆ దినమున దానిపై 226 మంది యుండిరి. అచ్చట ద్రవవాయువును త్రోయు పంపులు రెండు. పగటివారు మొదటి పంపు యొక్క రక్షణ కవాటమును పరీక్షకై విప్పిరి. సాయంకాలము ఆరు గంటలకు అది తిరిగి బిగింపబడలేదు; ఆ రంధ్రమునకు తాత్కాలికముగా ఒక ఉక్కు బిళ్లను మూసి, పని నిలిపిరి. ప్రతి పనికిని అనుమతి పత్రముండవలెను. పత్రమున్నది. కాని పంపు మరమ్మతుకు ఒక పత్రము, కవాటమునకు వేరొక పత్రము. పత్రములను పని చేయు స్థలమును బట్టి విడివిడిగా ఉంచు పద్ధతి యగుటచే రెండును ఒకచోట లేవు. రాత్రివారికి మొదటిది తెలియును, రెండవది తెలియదు. బాధ్యత అప్పగించునప్పుడు నోటి మాటగా నైనను అది చేరలేదు.

రాత్రి పావు తక్కువ పది గంటలకు రెండవ పంపు ఆగిపోయి మరల నడువలేదు. రాత్రివారు మొదటి పంపును నడుపుదమని నిశ్చయించిరి. బిళ్ల సందునుండి వాయువు చిమ్మినది. పది గంటలకు తొలి ప్రేలుడు. వెనుకటి దినములలో గజ ఈతగాండ్రు నీట దిగుచున్నందున, మంటలార్పు పంపులు తమంతట తాము నడువకుండ చేతి పద్ధతిలో పెట్టబడి యుండెను. వానిని నడుప నెవ్వరును చేరజాలకపోయిరి.

అంతకంటె విచారకరమైన సంగతి మరియొకటి. ఆ వేదికతో గొట్టముల ద్వారా కలిసిన మరి రెండు వేదికలు సమీపముననే యున్నవి. అచ్చటివారికి మంటలు కనబడుచున్నవి. అయినను చమురు పంపుట వెంటనే ఆపలేదు. ఆపుటకు తీరమునుండి అనుమతి కావలెనని వారి తలంపు. ఇచ్చట పైపర్ మీద పెక్కుమంది నివాసపు గదులలో చేరి, ఏదో ఆజ్ఞ వచ్చునని నిరీక్షించిరి. ఆజ్ఞ రాలేదు. పొగ వచ్చినది. బ్రతికిన 61 మందిలో పెక్కుమంది ఎవ్వరి ఆజ్ఞయు లేక తమంతట తాము త్రాళ్లు పట్టి దిగినవారును, సముద్రములో దూకినవారును. మృతులు 167 మంది. వారిలో ఇద్దరు రక్షింప వచ్చిన పడవవారు.

న్యాయాధిపతి కల్లెన్ ప్రభువు విచారణ జరిపి 1990లో నివేదిక నిచ్చెను. అందు 106 సిఫారసులు. అనుమతి పత్రముల పద్ధతి, బాధ్యత అప్పగించు పద్ధతి, వేదిక యధికారికి తన యంతట పని ఆపు అధికారము, అన్నియు అందు చర్చింపబడినవి. అబర్డీనులో హేజల్‌హెడ్ ఉద్యానమున గులాబి తోట నడుమ ముగ్గురు చమురు కార్మికుల కంచు విగ్రహములు కలవు. మృతుల పేర్లు క్రింద చెక్కబడినవి.

కాగితము, సంతకము, చార్జి అప్పగింత అనగానే ఇవి గుమాస్తాల తంతులని చదువుకొన్న యువకులు ఎగతాళి చేయుదురు. సచివాలయములలో జీవితము గడపినవారికి మాత్రము ఆ రెండు పత్రముల కథ వేరు విధముగా వినబడును. ఒక ఫైలుతో కలిపి కుట్టవలసిన మరియొక ఫైలు వేరు అలమారలో ఉండిపోవుట ఎట్టిదో వారికి తెలియును.

తెలుగు దేశమునకు ఈ భయము పరాయిది కాదు. 1995 జనవరి 8వ తేదీన తూర్పు గోదావరి జిల్లా పాశర్లపూడిలో త్రవ్వుచున్న బావి అదుపు తప్పి మండినది. కొబ్బరి తోటల నడుమ ఆ మంట 65 దినములు ఆరలేదు. విదేశమునుండి నిపుణులు వచ్చి చేరిన పిమ్మట మార్చి నడుమ గాని ఆ బావి లొంగలేదు. చుట్టుప్రక్కల గ్రామములవారు ఇండ్లు విడిచి పోయిరి. ఆ సీమ పిల్లలలో కొందరు పెద్దవారై ఈ వృత్తిలోనే చేరినచో వింత లేదు.

నేడు ఉత్తర సముద్రమున వేదికపై కాలిడిన వానికి మొదటి గంటలోనే ఒక మాట చెప్పుదురు: అపాయమని తోచినచో ఎవ్వరైనను పని ఆపింపవచ్చును, ఆపినందుకు దండన లేదు, ఆపిన పిమ్మట పొరపాటని తేలినను దండన లేదు. చెప్పుట సులభము. నిన్న వచ్చినవాడు క్రేను ఆపించి, నలుబదిమంది చేతులు కట్టుకొని నిలిచి తనవైపు చూచుచుండగా, "ఆ గొలుసు కొక్కెము సరిగా పడలేదని తోచినది" అని చెప్పుట సులభము కాదు. కొక్కెము సరిగానే ఉండవచ్చును. అప్పుడు డ్రిల్లరు ఏమి చేయునో దానిని బట్టి ఆ వేదిక మంచిదో చెడ్డదో శిక్షణార్థి గ్రహించును. మంచి డ్రిల్లరు "సరే, చూచితిమి, కానిండు" అని పని మొదలిడించును. అన్ని వేదికలును మంచివని చెప్పజాలము.

తల్లిదండ్రులు మరియొకటి ఎరిగి యుండవలెను. ఈ కొలువు స్థిరము కాదు. 2014 నడుమ పీపా నూరు డాలర్లు దాటియున్న చమురు ధర 2016 జనవరి నాటికి ముప్పదికి దిగినది. 2020 ఏప్రిలు 20న అమెరికా సరకు ధర ఒకనాటికి సున్నకంటె తక్కువ పలికినది. ఈ రెండు మారులును శిక్షణార్థులు ముందుగా ఇంటికి పంపబడినవారిలో ఉండిరి. కుమారుని తొలి యేటి జీతము చూచి ఇరువదేండ్ల ఋణముతో ఇల్లు కొనువారు ఈ అంకెలు చూచి కొనుట మేలు.

నిలిచినవానికి మూడవ యేట పరీక్ష వచ్చును. ఒక సాంకేతిక సమస్యను తాను పరిష్కరించి, వ్రాసి, పెద్దల యెదుట నిలిచి సమర్థించుకొనవలెను. అది నెగ్గిన నాడు జీతము పెరుగును, శిక్షణార్థి యను మాట పోవును. కాని అంతకు చాల ముందే, ఒంటరిగా చేసిన తొలి పని నాడు, మరియొకటి జరుగును. ప్రతి లాగు కాగితమునకును తలకట్టు ఉండును. బావి పేరు, తేదీ, లోతు, బురద బరువు, అడుగున వేడిమి, వీని తరువాత ఒక గడి: కొలిచినవారు. దాని ప్రక్కన మరియొక గడి: సాక్షి. అంతవరకు మొదటి గడిలో తన గురువు పేరును టైపు చేసినవాడు ఆ రాత్రి తన పేరు టైపు చేయును. తెలుగు ఇంటిపేరు ఆ గడిలో పట్టదు. పొడి అక్షరములతో సరిపెట్టుకొనవలెను. బావి మూతపడినను లాగును పారవేయరు. ముప్పది నలుబది ఏండ్ల పిమ్మట పొరుగు బావి త్రవ్వబోవువారు దానిని తీసి, లోతు సరిగా ఉన్నదా యని చూచి, తలకట్టున ఆ పేరు చదువుదురు.